చెవులు కప్పిన ఏడాది

మడుగు గట్టు మీది కాపలా గది
చలికాలం మొదట్లో

బావగారికి,

మీ బామ్మర్ది దండాలు. ఉద్యోగం ఇప్పించినందుకు ఒక దండం. ఇక్కడ ఫోను పలకదని ముందే చెప్పనందుకు ఇంకో దండం, అది కాస్త గట్టిగా. ఫోను పైకెత్తి పట్టుకుని గట్టంతా తిరిగితే ఒక్కచోట సిగ్నలు గీత కనపడింది. తీరా చూసుకుంటే మోకాలిదాకా బురదలో ఉన్నా. నా చెప్పు ఇంకా అక్కడే ఉంది. అందుకని ఉత్తరాలే గతి. వారం వారం జీపు డ్రైవరు సామాన్లు దింపేసి మెమరీ కార్డుల సంచీ మీ ఆఫీసుకి పట్టుకొస్తాడు కదా, ఇది కూడా అందులోనే వేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఏడో క్లాసులో నేనూ బడీ ఒకర్నొకరం వదిలించుకున్నాక, షాపుల బోర్డులు తప్ప ఇంత పొడుగు రాత నేను రాయలేదు.

మీరు పంపిన మూడు సౌండ్ రికార్డర్లూ బిగించాం. కళ్లు లేవు, నోరు లేదు, వినడం ఒక్కటే వాటి పని కాబట్టి చెవిపెట్టెలని పేరు పెట్టా. గుంజలకి కట్టి నీళ్ల ఒడ్డున నిలబెడితే అచ్చం మగపెళ్లివారిలా ఉన్నారు. దేనికీ నవ్వరు, అన్నీ వింటారు. ఒకాయన పెదబావ, ఒకాయన చినబావ, మూడో ఆయన తోడల్లుడు. తెల్లారగానే వెళ్లి ముగ్గుర్నీ పలకరించి వస్తున్నా.

మీరేమన్నారు? ఖరీదైనవి, పిల్లల్లా చూసుకో అన్నారా లేదా? మొన్న పొద్దున చూస్తే పాపం మూడింటి మీదా మంచు కారుతోంది. అక్క నాకు మూడు ఉన్ని టోపీలు అల్లిచ్చింది. ఒకటి వేసుకోవడానికి, ఒకటి ఉతుక్కోవడానికి, ఒకటి పారేసుకోవడానికి అంది. నా తలకి చలి పట్టేంత సరుకు అందులో లేదని మీరే అంటారుగా. అందుకని పెదబావకి నీలం టోపీ, చినబావకి ఎర్రది, తోడల్లుడికి పసుపుది తొడిగి గడ్డం కింద ముడి వేశా. జంతువుల కోసం చెట్టుకి కట్టిన కెమెరాని ఇటు తిప్పి నలుగురం ఫోటో దిగాం. ఈ వారం కార్డులో వస్తుంది. అందులో టోపీ లేనివాడు మీ బామ్మర్ది.

ఇంకో కబురు. అవతలి ఒడ్డు రెల్లులో ఒక పిట్ట ఉంది. మనిషికి కనపడదు. తెల్లారగట్ల గొంతు సవరించుకుంటుంది, హుమ్... హుమ్మ్... అని, ఖాళీ కుండలోకి దగ్గినట్టు. మొదటిరోజు అది విని మంచం మీంచి లేచి చొక్కా వేసుకుని నిలబడ్డా. మీ నాన్నగారు గదిలోకి వచ్చేముందు దగ్గేవారు చూడండి, అదే దగ్గు. మీ పెళ్లిలో తలుపు వెనక నిలబడి నేనలా దగ్గితే మీ వాళ్లంతా కుర్చీల్లోంచి లేచారే, అదే దగ్గు. ఆ పిట్టకి మావయ్యగారని పేరు పెట్టేశా. పోయి ఇన్నేళ్లయినా ఆయన నన్ను నమ్మకుండా దగ్గుతూనే ఉన్నారు.

అక్కకి టోపీల సంగతి మెల్లగా చెప్పండి.

మీ బామ్మర్ది


నగరం, ఆఫీసు మూడో అంతస్తు
చలి ముదిరింది

ఒరేయ్ బామ్మర్దీ,

మెల్లగా చెప్పడం నాకు చేతకాక, నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించా. వాడి తలకని వేళ్లు కాయలు కాసేలా అల్లితే గుంజలకి తొడుగుతాడా అని సాయంత్రమంతా నా మీద విసుక్కుంది. నేనేం చేశానో ఇప్పటికీ తెలీదు. ఫోటో చూపించాక మాత్రం నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఫోటో ప్రింటు తీయించి నా బల్లకి ఎదురుగా గోడకి అతికించా. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. మా డైరెక్టరు కూడా చూసి, ఇందులో పర్మినెంటు స్టాఫు ఎవరని అడిగాడు. వాటికి చలి ఉండదురా. వాన పడ్డా ఏం కాదు. అయినా నీ ముచ్చట నీది.

ఇక నువ్వు అస్తమానం అడిగే ప్రశ్న. పిట్టల గొంతులు విని ఏం చేసుకుంటారు అని. పెద్ద పెద్ద కంపెనీలు ప్రకృతికి మేలు చేశామని చెప్పుకోవాలనుకుంటాయి. ఉత్త మాట ఎవరూ నమ్మరు. ఫలానా మడుగులో ప్రాణులు ఇంత పెరిగాయి, ఈ పని చేయడం వల్లే పెరిగాయి అని ఎవరో ఒకరు కొలిచి చూపించాలి. ఆ పెరుగుదలని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక పత్రం రాసి అమ్ముతాం. జీవవైవిధ్య క్రెడిట్లంటే అవే. ఆ డబ్బుతోనే నీ జీతం, కంచె, మడుగు బాగుచేత. మేం కొలుస్తాం. మాకు సంబంధం లేని బయటి మనిషి వచ్చి, సరిగ్గా కొలిచామా లేదా అని చూస్తారు.

ఇందులో ప్రాణం ఎక్కడుందంటే మొదటి ఏడాదిలో. ముందు ఎంతుందో సరిగ్గా తెలియకపోతే, తర్వాత ఎంత పెరిగిందో చెప్పేది ఉత్త కథే. అందుకే ఈ చలికాలం మడుగుని ముట్టుకోం. ఉన్నది ఉన్నట్టు వింటాం, అంతే.

నీ పిట్ట సంగతి రెండుసార్లు చదివా. నాన్న మొహం ఎప్పుడంటే అప్పుడు గుర్తొస్తుంది గానీ, గొంతు జారిపోతోందని కొన్నాళ్లుగా లోపల భయంగా ఉండేది. నువ్వు రాయగానే చెవిలో వినపడింది. ఈసారి దగ్గినప్పుడు నా తరఫున కూడా లేచి నిలబడు.

నీ బావ


మడుగు గట్టు మీది గది
మళ్లీ చలికాలం

బావగారికి,

ఏడాదంతా మీకు రాసినవి ఉత్తరాలు కావు, సరుకుల చీటీలు. ఇవాళ కాస్త తీరిక దొరికింది.

మీరిప్పుడు వస్తే మడుగుని గుర్తుపట్టరు. చుట్టూ కంచె పడింది, పశువులు దిగడం లేదు. నీళ్ల మీద పరుచుకున్న గుర్రపుడెక్క మొత్తం లాగి పారేశాం. నా నడుం ఆ పనిలోనే పోయింది, దొరికితే కార్డుల సంచీలో పంపండి. అవతలి ఒడ్డున ముదురు రెల్లంతా కోయించి, కంపెనీవాళ్లు వచ్చి చూసుకోవడానికి చెక్కల బాట వేశారు. దాని మీద నడిచినంతసేపూ సూపర్‌వైజరు తనే కట్టిన ఓడలో తిరుగుతున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుంటాడు. రెల్లు కోసేవాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు. నన్ను పెట్టెల కాపరి అంటారు. నేను వాళ్లని మంగలివాళ్లంటా.

వానల్లో పెట్టెలు విప్పి గదిలో పెట్టాం కదా, అప్పుడు ఎలకలు అక్క టోపీల్లో కాపురం పెట్టి పిల్లల్ని కన్నాయి. అల్లిక అంత వెచ్చగా ఉందని అక్కకి చెప్పండి, సంతోషిస్తుంది. ఈ ఏడు బావలిద్దరూ, తోడల్లుడూ బోడితలలతోనే నిలబడ్డారు.

మావయ్యగారు అలిగినట్టున్నారు. ఈసారి ఒక్కరోజూ దగ్గలేదు. పలకరిస్తే పలుకుతారేమోనని ఒకరోజు అటు తిరిగి నేనే దగ్గి చూశా. కంగారు పడకండి, పెట్టెలు బిగించకముందే. మీ లెక్కల్లో నా దగ్గు లేదు.

ఫలితాలు వచ్చాయా?

మీ బామ్మర్ది


నగరం, ఆఫీసు
చలికాలం నడుమ

ఒరేయ్,

వచ్చాయి. నమ్మలేవు. పోయినేడు వినపడ్డ పిట్ట గొంతులకి ఈ ఏడు దాదాపు మూడింతలు వినపడ్డాయి. సన్న గొంతు పిట్టలు, ఈలవేసేవి, కిచకిచలాడేవి, పోయినేడు జాడ లేనివన్నీ వచ్చేశాయి. ఒక్క ఏడాదిలో ఇంత మార్పు నా సర్వీసులో చూడలేదు. డైరెక్టరు నన్ను నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి నా పేరు తప్పు లేకుండా పిలిచింది మొన్ననే.

రెండు కంపెనీలు అప్పుడే క్రెడిట్లు అడుగుతున్నాయి. ఈ పద్ధతి బాగా పనిచేసింది కాబట్టి, ఎండలు ముదరకముందే ఇవతలి ఒడ్డు రెల్లు కూడా కోసి బాట చుట్టూతా తిప్పేస్తారు.

వచ్చే వారం బయటి పరిశీలకురాలు వస్తుంది. మాటకి మాట పట్టుకునే మనిషి. అడిగినదానికి జవాబు చెప్పు. నీ వేషాలు వద్దు.

మా గదికి రంగులు వేయిస్తున్నారు. గోడ మీద ఫోటో తీసి పక్కన పెట్టా.

నీ బావ


మడుగు గట్టు మీది గది
ఆవిడ వచ్చి వెళ్లిన మర్నాడు

బావగారికి,

ఆవిడ వచ్చింది. మీ అంత వయసుంటుంది, నా అంత బురద తొక్కింది. సూపర్‌వైజరు చెక్కల బాట చూపిస్తానంటే తర్వాత అని నేరుగా నీళ్లలోకి దిగింది. నేను కుర్చీ పట్టుకుని వెనకాలే తిరిగా. ఎందుకయ్యా అంటే, ఎక్కడ కూర్చోవాలనిపిస్తుందో ముందే తెలీదు కదండీ అన్నా. నవ్వింది. మంచి మనిషే.

పెట్టెల దగ్గర నాకు హెడ్‌ఫోన్లు పెట్టింది. ముందు ఈ ఏడు పట్టినవి వినిపించింది. పిట్టలు నా చెవిలోనే గూడు కట్టినట్టుంది. తర్వాత పోయినేడువి. ఎవరో దుప్పట్లో దూరి విన్నట్టుంది బావగారూ. మావయ్యగారి దగ్గు ఒక్కటీ గట్టిగానే ఉంది. మిగతాదంతా ఎక్కడో అవతలి ఊళ్లో జరుగుతున్నట్టు. మధ్యలో నా గొంతు కూడా వినపడింది, ముద్దముద్దగా. ఏమంటున్నారు ఇక్కడ అని ఆవిడ అడిగింది. ఏదో పాటండీ అన్నా.

ఇంకో మాట అడిగింది.

‘పోయినేడు కూడా పెట్టెలు ఇదే గుంజలకి, ఇలాగే, ఏ మార్పూ లేకుండా ఉన్నాయా?’

‘అవునండీ, ఇలాగే ఉన్నాయి.’

రాసుకుంది. వెళ్లేటప్పుడు కుర్చీకి థాంక్స్ చెప్పింది, ఒక్కసారీ కూర్చోలేదు.

ఊరికే అడుగుతున్నా. గుడ్డలాంటిది ఏదైనా అడ్డం ఉంటే ఆ పెట్టెలకి వినపడుతుందా? మందంగా ఉంటే? ఊరికేనే.

మీ బామ్మర్ది


నగరం, ఆఫీసు

బామ్మర్దికి,

ఊరికే అడిగే ప్రశ్నలకి జవాబు రాసే తీరిక నాకు లేదు. పరిశీలకురాలు అంతా సవ్యంగా ఉందని రాసిచ్చింది. కాయితాలు పైకి వెళ్లిపోయాయి. నువ్వు నీ పని చూసుకో. కార్డుల సంచీ నాకంటే ముందు చాలామంది విప్పుతారు, అందులో వేసే ఉత్తరాల్లో ఇలాంటివి రాయకు.

మీ అక్క దుప్పటి పంపింది. అది నువ్వే కప్పుకో.

బావ


మడుగు గట్టు మీది గది
చలి తగ్గుతోంది

బావా,

ఈ ఉత్తరం సంచీలో వేయలేదు. డ్రైవరు చేతికిచ్చి, ఇంటికి తీసుకెళ్లి మీ చేతికే ఇమ్మన్నా.

ఆవిడకి ఏదో పాట అని చెప్పా చూడండి, అది పాట కాదు. పెదబావా, ముడి బిగుసుకుందా, ఊపిరాడుతోందా అని నేను టోపీ సర్దుతూ అడిగిన మాట. నా మాట నాకు తెలీకుండా ఉంటుందా? పోయినేడు పిట్టలు లేక వినపడకపోవడం కాదు బావా. చెవులు నేను కప్పేశా. ఈ ఏడు ఎలకల పుణ్యాన చెవులు తెరుచుకున్నాయి. మీ మూడింతలు అదే.

అదేదో తెలీక చేసింది, దానికి నన్ను నేను తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆవిడ సూటిగా అడిగితే అవునండీ అన్నా చూడండి, అది తెలిసి చేసింది. అప్పుడు నా కళ్ల ముందు మీకు చప్పట్లు కొట్టడమే ఆడింది. నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా జారిందో. నేను చెప్పే అబద్ధాలన్నిటికీ చివర ఒక నవ్వు ఉంటుంది, దొరికిపోయే చోటు ఉంటుంది. దీనికి లేదు.

నిన్న ఉండబట్టలేక సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పా. మూడు టోపీలు, రంగులతో సహా. ఆయన ముందు కళ్లు పెద్దవి చేశాడు, తర్వాత పడీ పడీ నవ్వాడు. రెల్లు కోసేవాళ్లందర్నీ పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. నిజం బాబూ అన్నకొద్దీ వాళ్లు కడుపు పట్టుకున్నారు. పోయిన నెల గుంజకి నా చొక్కా తొడిగి కాపలా నిలబెట్టి నిద్రపోయింది నేనే కదా. నా మాట ఎవరు నమ్ముతారు? టీ దగ్గర ఒకడు తలకి తువ్వాలు చుట్టుకుని, నాకేం వినపడట్లేదు బామ్మర్దీ అని వేషం వేశాడు. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ నేను కూడా నవ్వా బావా. సగం నవ్వాక టీ గ్లాసు అక్కడే పెట్టి గట్టు మీదికి వచ్చేశా.

టోపీలు ఎలకలు తిన్నాయి. ఫోటో ఉన్న కెమెరా కార్డు మీ ఆఫీసులో తుడిచేసి తిరిగి పంపారు. మిగిలింది మీ దగ్గరున్న ఫోటో ఒక్కటే. గోడ మీది ఫోటో.

దాన్ని ఆవిడకి పంపండి. లేదా నాకు పంపండి, నేనే వెళ్తా. మీకు ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నా, అందుకే మూడు రోజులు పట్టింది ఈ నాలుగు ముక్కలు రాయడానికి. ఇవతలి రెల్లు కోయడానికి కొడవళ్లు నూరుతున్నారు. మూడింతలు పెరిగాయనే కదా అదీ కోస్తున్నది.

అక్కకి చెప్పకండి. చెప్పినా ఫర్వాలేదు.

మీ బామ్మర్ది


ఇంటి నుంచి

ఒరేయ్,

డ్రైవరు తలుపు కొట్టేసరికి మేం భోజనాల దగ్గర ఉన్నాం. నీ ఉత్తరం తడి చేత్తోనే విప్పా. చదువుతుంటే మీ అక్క నా మొహమే చూస్తోంది. ఏమైందంటే ఏం లేదన్నా. ఈ మధ్య ఆ మాట నా నోటికి బాగా అలవాటైపోయింది.

మా గదికి రంగులు వేయించలేదు.

లెక్కలు వచ్చిన రోజు చూశా, పెరిగినవన్నీ సన్న గొంతులే. తలెత్తితే ఎదురుగా నీ ఫోటో. ఉన్ని టోపీలు, గడ్డం కింద ముళ్లు. నాకు అర్థం కావడానికి ఎంతసేపు పడుతుందిరా? చదువుకున్నదే అది. అప్పటికింకా గదిలోకి ఎవరూ రాలేదు. లేచి, గోరుతో నాలుగు మూలలూ తీసి సొరుగులో అడుగున పెట్టా. గోడ మీద జిగురు మరక మిగిలింది, దాని మీద కేలండరు తగిలించా. తర్వాత వాళ్లు చప్పట్లు కొట్టారు.

నువ్వు టోపీలు తొడిగిన వారమే నాకు రాశావు. దాచలేదు. ఫోటో దిగి మరీ పంపావు. నేను నవ్వి గోడకి పెట్టుకున్నా. వెంటనే తీసేయరా అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఆ ఉత్తరంలోనే మొదటి ఏడాదే ప్రాణమని నీకు పాఠం చెప్పా చూడు. కాబట్టి మొదటి తప్పు నీది కాదు. రెండోది కూడా సగమే నీది. నీ వేషాలు వద్దు అని నేను రాసింది, నువ్వెక్కడ నిజం చెప్తావోనని.

ఇప్పుడు రాసేది కూర్చుని చదువు. రాత్రి మీ అక్క పడుకున్నాక ఫైలు మళ్లీ తీశా. ఇన్నాళ్లూ మొత్తం కూడికనే చూశాం, ఎంత పెరిగింది అని. ఈసారి ఒక్కో గొంతునీ విడిగా పెట్టుకు చూశా. ఉన్ని సన్న శబ్దాన్ని మింగేస్తుంది, లావు శబ్దం దాటిపోతుంది. అంటే పోయినేడు టోపీలోంచి కూడా పెట్టెకి సరిగ్గా వినపడింది ఒక్క గొంతే. నువ్వు మావయ్యగారని పేరు పెట్టినది. పోయినేడు దాదాపు రోజూ ఉంది. ఈ ఏడు ఒక్కసారీ లేదు.

పెరిగాయనుకున్నవి పెరగలేదు, టోపీ కింద ఉన్నవే. నిజంగా మారింది ఆ ఒక్కటే, అది పోయింది. ఆ పిట్ట ముదురు రెల్లులో తప్ప ఉండదు. దాని ఇల్లు కోసి మనం చెక్కల బాట వేశాం. వేసి, బాగుపడిందని పత్రాలు రాశాం. కూడిక పెద్దదవడంతో ఒక గడిలో సున్నా ఉందని ఎవరూ చూడలేదు. మొత్తం ఎంత అని నేను కూడా మురిసిపోయా. నువ్వు అలిగారని రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. దానికి జవాబు కూడా ఇవ్వలేదు.

ఇవాళ పొద్దున ఫోటో, దాంతోపాటు నా సంతకంతో ఉత్తరం పరిశీలకురాలికి స్వయంగా ఇచ్చి వచ్చా. ఆవిడ ఫోటో చూసి నవ్వలేదు. చాలాసేపు చూసి, పసుపు టోపీ వెనక రెల్లు ఎంత ఎత్తుందో అని మాత్రం అంది. ఇవతలి ఒడ్డు కోత ఆపమని అక్కడి నుంచే ఫోను చేసింది. క్రెడిట్ల అమ్మకం ఆగిపోయింది. డైరెక్టరు నన్ను ఇంటి దగ్గరే ఉండమన్నాడు, ఎన్నాళ్లో చెప్పలేదు. మళ్లీ నా పేరు తప్పు పలికాడు.

మీ అక్కకి చెప్పేశా. అంతా విని, ఆవిడకి ఇచ్చిన కాయితంలో నా పేరు ఉందా అని అడిగింది. నీ పేరెందుకే అంటే, అల్లింది నేనేగా అంది. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు.

ఒక్కటి చెప్తా వినరా. ఆ దగ్గు నేను ఒక్కసారీ వినలేదు. ఏడాదిపాటు నా బల్ల మీదే ఉంది, ఏ రోజైనా హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వినపడేది. నాకు అంకెలు చాలనిపించింది. ఇప్పుడు ఆఫీసులోకి రానివ్వరు.

నీ బావ


మడుగు గట్టు మీది గది
చలికాలం చివర

బావా,

ఆవిడ వచ్చి మూడు రోజులుంది. ఒకే గుంజకి రెండు పెట్టెలు పక్కపక్కన కట్టించింది, ఒకదానికి టోపీ, ఒకదానికి లేదు. టోపీలు అక్క కొత్తగా అల్లి పంపింది, అదే ఉన్ని, అదే అల్లిక. మీరు చెప్పినట్టే తేలింది. టోపీ పెట్టెలో పోయినేడు, బోడి పెట్టెలో ఈ ఏడు. ఒకే పొద్దున, ఒకే గుంజ మీద. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి నావైపు చూసింది. ఆ రోజు పాట అన్నారు అంది. అవునండీ, అబద్ధం చెప్పానండీ అన్నా. రాసుకుంది.

మొదటి ఏడాది మళ్లీ మొదలట. ఇది సున్నా నుంచి. అప్పటిదాకా పత్రాలు లేవు, డబ్బు లేదు. రెల్లు కోసేవాళ్లు వెళ్లిపోయారు. ఇరవై మందికి ఎండాకాలమంతా దొరకాల్సిన పని. నా చొక్కా ఒకటి వాళ్ల గుడారంలో ఉండిపోయింది, అడగడానికి మొహం చెల్లలేదు. తువ్వాలు చుట్టుకుని వేషం వేసినవాడు వెళ్లేటప్పుడు నా ముందు నుంచే వెళ్లాడు. ఏదో ఒకటి అంటాడని చూశా. ఆ తువ్వాలు సామాన్ల మూటకి చుట్టి ఉంది.

ఇవతలి ఒడ్డు రెల్లు మాత్రం నిలబడి ఉంది. చెక్కల బాట పీకించేశారు. అవతల మోళ్లలోంచి పచ్చగా మొలకలు వస్తున్నాయి గానీ ముదురు రెల్లవడానికి ఏళ్లు పడుతుందట. తోడల్లుణ్ణి ఇవతలి రెల్లు మొహాన కట్టాం, మావయ్యగారు ఇటేమైనా మకాం మార్చారేమోనని. తెల్లారకముందే వెళ్లి పక్కన కూర్చుంటున్నా. టోపీ ఈసారి నా తలకే ఉందని అక్కకి చెప్పండి.

ఒక మాట చెప్తా, తిట్టకండి. కూర్చున్నంతసేపూ గొంతులో ఆ దగ్గు కదులుతూనే ఉంటుంది. మీ పెళ్లినాటి నుంచి ఉన్నదే కదా. ఒక్కసారి, ఒక్క హుమ్ చాలు. పెట్టె పట్టుకుంటుంది. పిట్ట తిరిగొచ్చిందంటారు, మిమ్మల్ని లోపలికి పిలుస్తారు, ఆ ఇరవై మంది వస్తారు. మీరు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. మీ నాన్నగారి గొంతు వింటారు. అచ్చంగా ఉంటుంది బావా, మీరు కూడా పట్టుకోలేరు. రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంటున్నా.

ఎప్పుడైనా మీరొస్తే, పెట్టెలకి దూరంగా, గది తలుపులు వేసుకుని దగ్గి వినిపిస్తా. అది నేనే అని మీకు తెలిసి వినండి.

ఈ వారం కార్డు ఎవరు వింటారో తెలీదు. మీ చోట కూర్చున్నవాళ్లకి కబురు చేయండి, ఆవిడకి కూడా నేను రాస్తున్నా. మంగళవారం పొద్దున, తోడల్లుడి పెట్టెలో, వెలుగు వచ్చీరాని వేళ ఒక దగ్గు ఉంటుంది. మంచులో కూర్చుని కూర్చుని జలుబు చేసింది, చేతులు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. లావుగానే వచ్చింది. వింటే అదే అనుకుంటారు.

అది మావయ్యగారు కాదు. ఆ దగ్గు నాది. లెక్కలోంచి తీసేయమనండి.

మీ బామ్మర్ది